ముందు కాగితం మీద వెయ్యి తల్లీ

ఈటాబ్స్ ఎంత పెద్ద బిల్డింగుకైనా నిమిషాల్లో డిఫ్లెక్షన్లు ఇచ్చేస్తుందని మొన్న సంబరంగా చెప్పావు. మంచిదే తల్లీ, వాడుకో. కానీ రన్ కొట్టేముందు ఒక్క బీమైనా చేత్తో లెక్క కట్టుకో.

5 మీటర్ల బీము తీసుకో. సైజు 230 బై 450, ఎం25 కాంక్రీటు, మీటరుకు 20 కిలోన్యూటన్ల లోడు. రెండు చివర్లూ ఊరికే ఆని ఉన్నాయనుకుంటే నడిమధ్య 3.7 మిల్లీమీటర్లు దిగుతుంది. రెండు చివర్లూ పూర్తిగా బిగిసి ఉన్నాయనుకుంటే అందులో ఐదో వంతే, 0.75. సపోర్టులు తప్పు పెట్టినా సాఫ్ట్‌వేర్ నిన్ను ఆపదు. తప్పు అంకెనే చక్కటి రంగుల్లో చూపిస్తుంది. అసలు బీము ఈ రెండు హద్దుల మధ్యే ఉంటుంది. నీ జవాబు వాటిని దాటితే మోడల్ మళ్లీ తెరువు. ఇదంతా పగలని సెక్షన్ లెక్క సుమా! పగుళ్లు, క్రీప్ కలిస్తే దిగుడు కొన్ని రెట్లు పెరుగుతుంది. ఐఎస్ 456 చెప్పే స్పాన్ బై 250, అంటే ఇక్కడ 20 మిల్లీమీటర్లు, ఆ పెరిగిన అంకెతో పోల్చాలి.

ఇంకోటి. ఇదే లోడుకు డిఫ్లెక్షన్ స్పాన్ నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఆర్కిటెక్టు వచ్చి "మేడమ్, ఇంకొక్క మీటరే కదా" అంటాడు. 5 కాస్తా 6 అయితే దిగుడు రెండింతలు దాటుతుందని అక్కడికక్కడే చెప్పగలగాలి నువ్వు.

ఫార్ములాలు బట్టీ పట్టమనడం లేదు. 19వ శతాబ్దంలో ఓటో మోర్ చూపిన దారి పట్టుకో. బెండింగ్ మొమెంట్ డయాగ్రం గీసి ఈఐతో భాగించు. కాంటిలివర్ కొసన లోడుంటే అది త్రికోణం. దాని వైశాల్యం కొస దగ్గరి స్లోపు. ఆ వైశాల్యాన్ని కొస నుంచి మూడింట రెండొంతుల దూరంతో గుణిస్తే పీఎల్ క్యూబ్ బై 3 ఈఐ దానంతటదే వస్తుంది. గీసిన చేతికి బీము ఎటు వంగుతుందో తెలిసిపోతుంది, అది నాకు ముఖ్యం.

ఫ్రేములకు 1930లో హార్డీ క్రాస్ ఇచ్చిన మొమెంట్ డిస్ట్రిబ్యూషన్ ఉంది. అంతదాకా వెళ్లకపోయినా పోర్టల్ సైడ్ స్వే ఒకటి చూసుకో. పైబీము బాగా గట్టిదైతే, కాలమ్ల అడుగులు పిన్ అయినప్పటి స్వే ఫిక్స్‌డ్ అయినప్పటికన్నా నాలుగింతలు. కింద ఫౌండేషన్ నిజంగా ఎంత పట్టి ఉంచుతుందో సాయిల్ రిపోర్టు చూశాకే నిర్ణయించు.

ఈసారి ఇంటికొచ్చేటప్పుడు ఒక షెడ్డు ఫ్రేము లెక్క చేత్తో వేసుకురా. ఇద్దరం కూర్చుని చూద్దాం.