చేపకంటె ముందు నీళ్లు

అద్దాల తొట్టిలో రంగు చేపలను పెంచవలెనను ఆశ పట్టణములు దాటి మన పల్లెలకును వచ్చినది. పిల్లలు బజారునుండి ప్లాస్టిక్ సంచిలో నీళ్లతోపాటు రెండు చేపలను పట్టుకొని వచ్చెదరు. ఇల్లు చేరిన తరువాతనే వాటిని దేనిలో వేయవలెనని వెదకుదురు. మూడవ దినముననో ఐదవ దినముననో అవి వెల్లకిల తేలును. "చేపలే గదా, మరల రెండు తెచ్చుకొందము" అని ఇంటివారు అందురు. దీనినిగూర్చి కొందరు తలిదండ్రులు మమ్మును అడిగియున్నారు. వేడుక కొరకు ఒక ప్రాణిని తెచ్చి అద్దములో బంధించుట తగునా? అది పాపము కాదా?

ఈ మాట వినగానే పెద్దలలో కొందరు నవ్వుదురు. "కొరమేనును పులుసు పెట్టుకొని తినువారము మనము. తినవచ్చును గాని పెంచరాదా?" అందురు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. అయితే ఇక్కడ ఒక భేదము కలదు. వల వేయువాడు చేపకు ఏ బాకీయు పడియుండలేదు. అది తన యేటిలో, తన మేత తాను వెదకుకొనుచు, తన గుంపుతో బ్రదికినది. దాని కడపటి గడియ మాత్రమే అతని చేతిలోనిది. పెంచువాడో, దాని యేటిని దానికి లేకుండ చేసెను. అప్పటినుండి దానికి ఏరును అతడే, వానయు అతడే, ఎండయు నీడయు అతడే. నీళ్లు చెడిపోయిన యెడల అది వేరొక మడుగునకు పోజాలదు. ఆకలియైన కుక్క అరచును, దప్పిగొన్న ఎద్దు రంకె వేయును. చేపకు అదియు లేదు. గనుక తినువానికంటె పెంచువాడే ఎక్కువ బాకీదారుడని మా యభిప్రాయము. పెంచుట పాపమని మేము చెప్పము. ఏమి బాకీ పడినది తెలిసికొనక పెంచుట తగదని మాత్రము చెప్పుదుము.

చేపకు నొప్పి తెలియునా అని అడుగువారును కలరు. 2003లో లిన్ స్నెడన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞురాలును ఆమెతోటివారును ట్రౌటు చేపల పెదవులలోనికి ఆమ్లమును సూదితో ఎక్కించి చూడగా, అవి మేత మాని పెదవులను గులకరాళ్లకు రాచుకొనెను. దానిని మన నొప్పివంటి నొప్పి అనవచ్చునా కాదా అని పండితులు నేటికిని వాదించుచున్నారు. వాదము తెగువరకు దానిని బాధింపకుండుటయే మనకు క్షేమము.

ఇక అసలు సంగతికి వచ్చెదము. చేపలను చంపువారిలో కఠినులు బహు కొద్దిమంది. ఎక్కువ చేపలు ప్రేమించువారి చేతిలోనే చచ్చుచున్నవి. పిల్లవాడు చేపను చూచి మురిసి, దానికి ఆకలిగా నున్నదేమోయని మేత వేయును. వాని తల్లియు వేయును, అవ్వయు వేయును. ఆ జాలియే నీటిలో క్రుళ్లి విషమగును. అట్లయిన మంచి మనస్సు చాలదా? చాలదు. మన మంచి మనస్సు చేపకు తెలియదు. దానికి తెలిసినది నీరు ఒక్కటే.

నీటిలో జరుగు పని ఇట్టిది. చేప మొప్పలనుండియు, దాని మలమునుండియు, మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. తెల్లవారుజామున పశువుల కొట్టము తలుపు తీయగానే ముక్కునకు తగులు ఘాటు అదియే. ఏటిలో అది కొట్టుకొనిపోవును, తొట్టిలో పోవుటకు చోటు లేదు. అది చేప మొప్పలను కాల్చును. కాలక్రమమున ఒక జాతి సూక్ష్మజీవులు పుట్టి దానిని నైట్రైటుగా మార్చును. ఇదియు విషమే, చేప రక్తము ప్రాణవాయువును మోయకుండ చేయును. మరియొక జాతి దానిని నైట్రేటుగా మార్చును. దానివలన అంత కీడు లేదు. వారమునకొక మారు నాలుగవ వంతు నీరు తీసి క్రొత్త నీరు పోసిన చాలును. మనము పొలములో చల్లిన యూరియాను పైరు తీసికొనునట్లు మార్చునదియు ఇట్టి సూక్ష్మజీవులే. వ్యవసాయదారునికి ఇది క్రొత్త పాఠము కాదు.

ఈ జీవులు క్రొత్త తొట్టిలో ఉండవు. అవి వృద్ధిపొందుటకు నాలుగు వారములు, ఒక్కొక్కప్పుడు ఆరు వారములు పట్టును. కాబట్టి తెలిసినవాడు చేయు మొదటి పని చూచువారికి పిచ్చిగా తోచును. తొట్టిలో కడిగిన గులకరాళ్లు పరచి, నీరు నింపి, గాలి పంపుతో నడచు స్పాంజి ఫిల్టరును రాత్రింబవళ్లు నడిపించుచు, చేప యొక్కటియు లేని ఆ నీటిలో దినమునకొక చిటికెడు మేత వేయుచుండును. ఆ మేత క్రుళ్లి అమ్మోనియా పుట్టును, దానిని తిని సూక్ష్మజీవులు పెరుగును. "ఇతడు నీళ్లకు మేత వేయుచున్నాడు" అని ఇరుగుపొరుగువారు నవ్వుదురు. నవ్వనిండు. పరీక్షించు మందు చుక్కలు అంగడిలో దొరకును. వాటితో చూడగా అమ్మోనియాయు నైట్రైటును సున్నకు దిగిన దినమున ఆ నీరు చేపలకు ఇల్లయినది. చక్కగా నడచుచున్న స్నేహితుని తొట్టినుండి పాత స్పాంజి ముక్క యొకటి తెచ్చి వేసినయెడల పని త్వరపడును.

ఆదికాండము మొదటి అధ్యాయము చదువువారు వరుసను గమనించియుందురు. నీళ్లు ముందు, అవి ఒకచోట కూర్చబడుట, వెలుగు, మొక్కలు, అన్నియు ముందు. చేపలు ఐదవ దినమున గాని రాలేదు. మానవునికి చేపలమీద ఏలుబడి కలదని అదే అధ్యాయము చెప్పుచున్నది గదా అని కొందరు వాదింతురు. నిజమే. ఆ ఏలుబడి వచ్చినది అంత సిద్ధపాటు జరిగిన తరువాత. దానిని ఇచ్చినవాడు ఎట్లు సిద్ధపరచెనో చూచి నేర్చుకొనవలెను గదా!

శాస్త్రజ్ఞులును ఈ సంగతిని నిదానముగానే నేర్చుకొనిరి. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా అను నీటి మొక్కను ఒక తొట్టిలో ఉంచి పరీక్షించెను. మొక్క చేపలకు ప్రాణవాయువు నిచ్చునని అతడు ఎరుగును. అయితే ముదిరిన ఆకులు క్రుళ్లి నీరు చెడిపోసాగెను. అతడు చెరువు నత్తలను తెచ్చి వేయగా అవి క్రుళ్లిన ఆకులను తినివేసి నీటిని తేటపరచెను. ఈ సంగతిని అతడు 1850లో ప్రకటించెను. ఎవరును లెక్కచేయని నత్తవలన ఆ తొట్టి నిలిచినది!

మన దేశములో మొదటిసారి పెంచువారికి జీబ్రా డానియో మంచిదని మా తలంపు. అది ఉత్తర, తూర్పు భారతదేశపు వాగులలోని చేప, చారల మేనిది, గట్టిది. ఒంటరిగా ఉంచరాదు, ఆరింటినైనను కలిపి పెంచవలెను. తొట్టి రెండు అడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తు ఉండవలెను. అందులో సుమారు 56 లీటర్ల నీరు పట్టును. ఆ నీటి బరువే రెండు పాతిక కిలోల బియ్యపు బస్తాలను మించును గనుక ఊగులాడు బల్లమీద పెట్టరాదు. కుళాయి నీటిలో బ్లీచింగు పొడి కలిపియుందురు; అది చేపలను, ఆ సూక్ష్మజీవులను కూడ చంపును. విరుగుడు మందు చుక్కలు వేసి గాని ఆ నీటిని వాడరాదు. స్పాంజిని సహితము కుళాయి క్రింద కడుగక, తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. నీటి వేడి 24 మొదలు 27 డిగ్రీలవరకు ఉండుట మంచిది. అరకువంటి చోట్ల చలికాలమున హీటరు కావలసివచ్చును గాని, మైదానములో మన శత్రువు ఎండ. నీరు వేడెక్కినకొలది అందులో ప్రాణవాయువు తగ్గును. అట్టి దినమున కరెంటు పోయినయెడల చెంబుతో నీరు ముంచి ఎత్తునుండి మరల అందులోనే పోయుచుండవలెను. అర్ధరాత్రియైనను లేచి పోయవలెను. ఏరు నిద్రపోదు గదా.

అంగళ్లలో ఫైటరు చేపలను ఊరగాయ సీసాకంటె చిన్న సీసాలలో పెట్టి అమ్ముట చూచియున్నాము. అది పైకి వచ్చి గాలిని పీల్చగలదు, అందుచేత అంత ఇరుకులోను చావదు. "చూడుడి, బ్రదుకుచున్నది గదా" అని అమ్మువాడు చెప్పును. చావకుండుట వేరు, బ్రదుకుట వేరు. ఈ భేదమును కూలివానికి ఇచ్చు గదినిగూర్చి, వృద్ధురాలైన తల్లికి ఇచ్చు మూలనుగూర్చి కూడ ఆలోచించినయెడల తప్పులేదు.

వేడుక ఇంటితో ఆగదు. 1854లో ఫిలిప్ గాస్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు సముద్రజీవులను తొట్టిలో పెంచుటనుగూర్చి ఒక గ్రంథము వ్రాసెను. అక్వేరియం అను మాట ఆ గ్రంథమువలననే వాడుకలో స్థిరపడెను. అతడు భక్తిపరుడు, బ్రదరెన్ సహవాసములో బోధకుడు. అతని గ్రంథములు చదివిన జనులు ఇంగ్లండు తీరములకు తండోపతండములుగా వచ్చి రాతి మడుగులలోని జీవులను ఊడ్చుకొనిపోయిరని అతని కుమారుడు ఎడ్మండ్ 1907లో వ్రాసెను. సృష్టిని ప్రేమించుమని వ్రాసినవాని మాటవలననే ఆ మడుగులు పాడైనవి.

మన చోట జరుగుచున్నది దానికి తలక్రిందు. అక్కడ తెచ్చుటవలన కీడు, ఇక్కడ వదలుటవలన కీడు. తొట్టి అద్దముల పాచి తినునని చెప్పి రెండు అంగుళముల సక్కరు చేపను అమ్ముదురు. అది దక్షిణ అమెరికా చేప, అడుగుకు మించి పెరుగును. తొట్టి చాలనప్పుడు, చంపుటకు చేతులు రాక, జాలిపడి చెరువులో వదలుదురు. అది నేడు ఆంధ్ర, తెలంగాణ నీళ్లలో వ్యాపించినది. దాని ముండ్లు తగిలి వలలు చినుగుచున్నవి, వలలో పడినను దానిని కొనువాడు లేడు. జాలరులు దానిని దయ్యపు చేప అనుచున్నారు. గనుక చేపను ఉంచుకొనలేనివాడు అమ్మిన అంగడికే తిరిగి ఇయ్యవలెను, లేనియెడల పెద్ద తొట్టి గలవానిని వెదకి అప్పగింపవలెను. చెరువు గట్టునకు మాత్రము పోరాదు.