మాటను తూచాలా, మనిషిని తూచాలా?



ఒక హెచ్చరిక మీ చెవిన పడితే ముందు ఏమడుగుతారు? "ఏం చెప్పాడు?" అనా, "ఎవడు చెప్పాడు?" అనా? ఈ చిన్న ప్రశ్న దగ్గర తప్పటడుగు పడి లక్షల ప్రాణాలు ముప్పులో పడ్డ సందర్భం చరిత్రలో ఉంది.

1950 జూన్‌లో ఉత్తర కొరియా దక్షిణ కొరియా మీద దండెత్తింది. ఐక్యరాజ్యసమితి పేరున అమెరికా సేనలు దిగి, సెప్టెంబరు చివరికల్లా వాళ్లను వెనక్కి తరిమాయి. ఇక 38వ అక్షాంశ రేఖ దాటి ఉత్తరానికి పోవాలా, ఆగాలా?

అక్టోబరు 2 అర్ధరాత్రి దాటాక చైనా ప్రధాని చౌ ఎన్‌లై, బీజింగ్‌లో ఉన్న మన దేశ రాయబారి కె.ఎం. పణిక్కర్‌ను పిలిపించాడు. అమెరికా సేనలు ఆ రేఖ దాటితే చైనా యుద్ధంలోకి దిగుతుందని చెప్పాడు. చైనా కొత్త ప్రభుత్వాన్ని అమెరికా గుర్తించలేదు. అందుకే మన దేశం ద్వారా ఆ కబురు.

కబురు వాషింగ్టన్‌కు అందింది. కానీ పణిక్కర్ చైనా కమ్యూనిస్టుల వైపు మొగ్గే మనిషని అధ్యక్షుడు ట్రూమన్ అనుకున్నాడు. ఇది ఐక్యరాజ్యసమితిని బెదిరించే ఎత్తేమో అనుకున్నాడు. అనుమానించడం తప్పు కాదు. అనుమానాన్నే తీర్పు చేసుకోవడం తప్పు. అక్టోబరు 7న అమెరికా సేనలు రేఖ దాటాయి. 12న గూఢచారి సంస్థ సిఐఏ తన అంచనా ఇచ్చింది: చైనా పూర్తిస్థాయిలో దిగగలదు గానీ, 1950లో దిగకపోవచ్చు, అందుకు అనువైన సమయం దాటిపోయింది అని. అంటే తమ లెక్కతో ఎదుటివాడి మనసును కొలిచారు. 15న వేక్ దీవిలో ట్రూమన్ అడిగితే, ఆ అవకాశం చాలా తక్కువన్నాడు జనరల్ మెకార్థర్.

నాలుగు రోజులకే చైనా సైన్యం యాలూ నది దాటింది. 1953 జూలై 27న కాల్పులు ఆగేసరికి సరిహద్దు దాదాపు మొదటి చోటికే వచ్చింది. పోయినవాళ్లు మాత్రం తిరిగి రాలేదు.

గురువు చెప్పాడు గదా అని నమ్మవద్దని కాలామ సుత్తంలో బుద్ధుడు అన్నాడు. ఆ మాటలో ఇంకో సగం కూడా ఉంది. మనిషిని చూసి నమ్మకూడదంటే, మనిషిని చూసి కొట్టిపారేయకూడదు కూడా. ఈ సంగతి మనకు ఒకరు చెప్పాలా? చెరువు కట్ట తెగేలా ఉందని వాడ నుంచి వచ్చినవాడు చెబితే, "నువ్వా మాకు చెప్పేది?" అన్న ఊళ్లు మనకు తెలుసు. కట్ట కులం చూసి తెగదు.

బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో రాసింది గుర్తు తెచ్చుకోండి. రోహిణి నది నీళ్ల కోసం కోలియులతో యుద్ధం వద్దని సిద్ధార్థుడు శాక్య సంఘంలో లేచి చెప్పాడు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, ఆ నలుగురు కలిసి ఐదోవాణ్ని ఎంచుకుని తగువు తీర్చుకోవచ్చన్నాడు. ఆయన పరాయివాడు కాడు, వాళ్లలో ఒకడే. అయినా ఓటులో ఓడిపోయాడు. ఎందుకు? యుద్ధం వాళ్ల మనసులో అప్పటికే మొదలైంది. మనసు ముందే తేల్చుకున్నాక హెచ్చరికకు ఏదో ఒక వంక దొరుకుతుంది. మనిషిలో దొరక్కపోతే మాటలో దొరుకుతుంది.

వినడమంటే లొంగిపోవడం కాదు. అడుగు వేసేముందు ఆగి, "ఈ మాట నిజమైతే ఏమవుతుంది?" అని అడగడం. బెదిరింపును కూడా అలా తూచవచ్చు. సమ్మా దిట్ఠి అంటే మనకు నచ్చినట్టు కాక, ఉన్నది ఉన్నట్టు చూడడమే.

ఇక మన సంగతి. మన సంఘం లెక్కల్లో తేడా ఉందని ఒక ఆడకూతురు చెప్పినప్పుడు, వేరే ఉపకులం యువకుడు చెప్పినప్పుడు, మీరు మొదట ఏమడిగారు? ఈసారి మీటింగులో అలాంటి మాట లేస్తే, చెప్పినవాళ్ల మొహం చూడకముందే పుస్తకం తెరిచి చూడండి.

జై భీమ్! నమో బుద్ధాయ!