గాయపడిన కుక్కకు సేవ చేయవచ్చా?

ఇస్లాం పరిశుభ్రతను విశ్వాసంలో భాగంగా చేసింది. మూగజీవుల పట్ల కనికరం చూపమని కూడా అదే ఇస్లాం ఆదేశించింది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తున్నట్లు కనిపించే సందర్భాలు కొన్ని ఉంటాయి. వాహనం గుద్ది కాలు విరిగి, దారి పక్కన మూలుగుతూ పడి ఉన్న కుక్క అలాంటి ఒక సందర్భం.

గాయపడిన జంతువులకు ఆశ్రయమిచ్చే కేంద్రాలు నేడు మన నగరాల్లో ఉన్నాయి. హైదరాబాదులో 1992లో ఏర్పడిన బ్లూ క్రాస్ వాటిలో ఒకటి. ఇలాంటి చోట్ల పని సులభమైనది కాదు. నొప్పితో ఉన్న కుక్క తనను కాపాడే చేతినే కరవవచ్చు. కనుక ముందు దాని మూతికి కట్టు వేయాలి. పుండులోని పురుగులను ఓపికగా తీయాలి. వెన్ను దెబ్బతిని లేవలేని కుక్కకు ఒళ్ళు పుండ్లు పడకుండా పక్కలు మార్చాలి, మలమూత్రాలు ఎత్తాలి. ఈ పనిలో చేతికీ, బట్టలకూ రక్తం, చొంగ అంటుకోక తప్పదు. మన పిల్లలెవరైనా ఈ సేవకు పూనుకుంటే ఇంట్లో పెద్దలు అడిగే మొదటి ప్రశ్న ఇదే: “కుక్కను ముట్టుకుని వచ్చావు, నీ నమాజు ఎలా చెల్లుతుంది? ఇంట్లోకి దైవదూతలు ఎలా వస్తారు?”

ఇది నమాజు మీద ప్రేమతో అడిగిన ప్రశ్న. దీన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు. కనుక ధర్మశాస్త్రం ఏమంటోందో చూద్దాం.

శుద్ధి నియమాలు

హనఫీ మస్లక్ ప్రకారం కుక్క చొంగ అశుద్ధం. కాని పొడిగా ఉన్న దాని ఒంటిని తాకినంత మాత్రాన చేయి గానీ, బట్ట గానీ అశుద్ధం కావు. షాఫయీ మస్లక్‌లో నియమం మరింత కఠినం. తడితో కుక్క తగిలితే ఆ చోటును ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టి కలిపిన నీటితో కడగాలి. ఇమామ్ మాలిక్ (రహ్మలై) మస్లక్‌లో బతికి ఉన్న కుక్క పరిశుద్ధమే. అది మూతి పెట్టిన పాత్రను కడగడం దైవాజ్ఞా పాలన కోసమే తప్ప అశుద్ధం వల్ల కాదు. రక్తం అంటితే కడగాలన్నది అందరికీ తెలిసిన విషయమే.

ఇన్ని భేదాభిప్రాయాల మధ్య ఒక విషయం మాత్రం స్పష్టం. కుక్కను తాకితే వుజూ భంగమవుతుందని ఈ మస్లకులలో ఏదీ చెప్పలేదు. అశుద్ధం అంటిన చోటును కడుక్కుంటే చాలు. నమాజు చెల్లుతుంది. కేంద్రంలో వేసుకునే బట్టలు వేరుగా పెట్టుకుని, కడుక్కుని, మార్చుకుని ఇంటికి వచ్చే యువకుడి నమాజును అనుమానించడానికి ఎలాంటి కారణమూ లేదు.

ఒకే శీర్షిక కింద నాలుగు హదీసులు

ఇమామ్ బుఖారీ (రహ్మలై) తన సహీహ్ గ్రంథంలోని వుజూ ప్రకరణంలో కుక్క మూతి పెట్టిన పాత్ర గురించి చెబుతూ వరుసగా నాలుగు హదీసులు పొందుపరిచారు. అవి 172 నుంచి 175 వరకు ఉన్నాయి. మొదటిది, పాత్రను ఏడుసార్లు కడగమన్న ఆదేశం. రెండోది, దప్పికతో తడి మట్టి నాకుతున్న కుక్కను చూసి, తన మేజోడుతో నీళ్ళు తోడి తాగించిన వ్యక్తి వృత్తాంతం. అల్లాహ్ ఆ పనిని మెచ్చి అతన్ని స్వర్గంలో ప్రవేశింపజేశాడు. ఈ రెండింటినీ ఉల్లేఖించినది హజ్రత్ అబూ హురైరా (రజి) గారే. మూడోది, దైవప్రవక్త (స) కాలంలో కుక్కలు మస్జిదులోకి వస్తూ పోతూ ఉండేవని, అందుకోసం సహాబీలు నీళ్ళు చల్లేవారు కాదని తెలిపే ఉల్లేఖనం. నాలుగోది, శిక్షణ పొందిన వేటకుక్క తెచ్చిన వేట గురించినది.

కాస్త ఆలోచించండి. పాత్ర కడగమన్న ఆదేశం పక్కనే కుక్క దాహం తీర్చిన వ్యక్తి కథ ఉంది. రెండూ ఒకే నోట మనకు చేరాయి. కడగమన్నది పాత్రను. కుక్కను దప్పికతో వదిలేయమని ఎక్కడా చెప్పలేదు. అశుద్ధానికి నీళ్ళు ఉన్నాయి. ప్రాణమున్న జీవి కళ్ళముందు విలవిలలాడుతుంటే మొహం తిప్పుకున్న హృదయాన్ని ఏ నీళ్ళతో కడుగుతాం?

ఇంట్లో పెంచడం వేరు, ఆదుకోవడం వేరు

వేటకో, మందకో, పొలానికో కాకుండా సరదాకు కుక్కను పెంచేవాని పుణ్యం ప్రతిరోజూ తరుగుతుందని హదీసులలో హెచ్చరిక ఉంది. కుక్క ఉన్న ఇంట్లోకి దైవదూతలు ప్రవేశించరన్న హదీసు కూడా సహీహ్ గ్రంథాలలోనిదే. మనం వీటిని దాచిపెట్టనవసరం లేదు. కాని ఇవి కుక్కను ఇంట్లో ఉంచుకోవడం గురించిన మాటలు. గాయపడిన దానికి కట్టు కట్టడం గురించినవి కావు. ఇంటికి దూరంగా నడిచే సంరక్షణ కేంద్రంలో చేసే సేవ ఈ హెచ్చరిక పరిధిలోకి రాదని మా అభిప్రాయం. గుహవాసుల వృత్తాంతంలో దివ్య ఖుర్‌ఆన్ వారి కుక్కను కూడా ప్రస్తావించింది. అది గుహ ముంగిట ముందరి కాళ్ళు చాచి ఉందని తెలిపింది. లోపల కాకపోయినా, గుమ్మం దగ్గర దానికి చోటుంది.

మరి కరిచే కుక్కల మాటేమిటి?

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ళ బాలుడు మరణించాడు. ఇలాంటి తల్లిదండ్రుల ముందు కుక్కల పట్ల కరుణ గురించి మాట్లాడేటప్పుడు మాట జాగ్రత్తగా రావాలి. షరీఅత్ కూడా ఈ ప్రమాదాన్ని విస్మరించలేదు. మీదపడి కరిచే కుక్కను ఇహ్రాంలో ఉన్నవారు సైతం చంపవచ్చని అనుమతి ఉంది. కాని ఆ అనుమతి హాని చేసే కుక్క గురించి. కాలు విరిగి పడి ఉన్న దాన్ని రాళ్ళతో కొట్టడానికి అది ఆధారం కాదు. కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబీస్ టీకా వేయాలని 2023లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నియమాలు చెబుతున్నాయి. ఆ పని సక్రమంగా జరిగితే పిల్లలకూ రక్షణే. సేవ చేసేవారు కూడా ముందుగా టీకా వేయించుకోవాలి. కుక్క కరిస్తే గాయాన్ని 15 నిమిషాల పాటు సబ్బుతో, పారే నీళ్ళతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రేబీస్ లక్షణాలు బయటపడిన తర్వాత మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ప్రాణరక్షణ కూడా ధర్మమే.

తలుపు మూసినవాని బాధ్యత

“మనుషులు ఆకలితో ఉంటే కుక్కలకు ఖర్చా?” అని మరికొందరు అడుగుతారు. జకాత్ ధనం దీనికి వాడకూడదు. దాని హక్కుదారులు ఎవరో ఖుర్‌ఆన్ నిర్ణయించింది, వారు మనుషులే. కాని ఐచ్ఛిక దానానికి ఆ పరిమితి లేదు. ప్రాణమున్న ప్రతి జీవికి చేసిన మేలులోనూ పుణ్యం ఉందని, కుక్క దాహం తీర్చిన వ్యక్తి వృత్తాంతం చివరనే దైవప్రవక్త (స) సహాబీలకు తెలియజేశారు.

ఇక్కడే సేవ చేసేవారు భయపడవలసిన విషయం ఒకటుంది. పిల్లి కారణంగా నరకానికి పోయిన స్త్రీ గురించి మనకు తెలుసు. ఆమె దాన్ని కట్టేసింది. తాను తిండి పెట్టలేదు, అది పురుగూ పుట్రా తిని బతికేందుకు వదలనూ లేదు. గాయపడిన కుక్కను తెచ్చి బోనులో పెట్టి తలుపు మూసిన క్షణం నుంచి దాని తిండి, నీళ్ళు, మందు మన మెడకు చుట్టుకున్న అమానతు. ఉత్సాహంతో తెచ్చి, నాలుగు రోజులకు మరచిపోవడం సేవ కాదు. హిజ్రీ 660లో పరమపదించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మలై) మనిషిపై జంతువుకు ఉన్న హక్కులను వివరిస్తూ, అది ముసలిదైనా, జబ్బుపడి ఎందుకూ పనికిరాకపోయినా దాని పోషణ ఖర్చు యజమాని భరించాలన్నారు. మూడు కాళ్ళతో మిగిలిన కుక్క ఎవరికీ కాపలా కాయలేదు, వేటాడలేదు. మన కరుణకు అసలైన పరీక్ష అదే.

బతికే ఆశ లేక నరకయాతన పడుతున్న కుక్కకు నొప్పి తెలియకుండా మరణం కలిగించవచ్చా? ఈ విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆశ వదులుకున్న జంతువు విషయంలో మాలికీలు అనుమతించారు. బాధ తీర్చడానికైనా సరే, మాంసం తినకూడని జంతువును చంపరాదని షాఫయీలు అన్నారు. కనుక ఇది తొందరపడి తేల్చే సంగతి కాదు. వైద్యుడు ఆశ లేదని నిర్ధారించాలి, తమ మస్లక్ పండితుణ్ణి సంప్రదించాలి. ఖర్చు మిగులుతుందనో, చోటు ఖాళీ అవుతుందనో మాత్రం ఆ నిర్ణయం తీసుకోకూడదు.

తల్లిదండ్రులకు మా మనవి ఇది. సేవ చేసి వచ్చిన బిడ్డను గుమ్మంలో నిలబెట్టి గద్దించకండి. నీళ్ళివ్వండి, బట్టలు మార్చుకోమనండి, నమాజుకు వేళైందని గుర్తు చేయండి. శుద్ధినీ, కనికరాన్నీ కలిపి నేర్పే అవకాశం అదే. మాట రాని ప్రాణుల విషయంలో మనల్ని ప్రళయదినాన సిగ్గుపడేలా చేయవద్దని ఆ కరుణామయుణ్ణి వేడుకుందాం. ఆమీన్.