నునుపు – నుసి

నునుపును మెచ్చనివారు లోకమున అరుదు. వేసవి మధ్యాహ్నమున చలువరాతి నేలపై పాదము మోపుటలోని హాయి నెరుగనివాడు కూడ, ఒకరి యింట అట్టి నేల నిగనిగలాడుచుండగా చూచి 'ఎంత శుభ్రము!' అనక మానడు. కాని నునుపును గూర్చి మనము సాధారణముగా తలపోయని సంగతి యొకటి కలదు. గోడకు సున్నము వేయునపుడు గోడపై ఒక పొరను చేర్చుచున్నాము. చలువరాతికి నునుపు తెచ్చునపుడు రాతినుండి ఒక పొరను తీసివేయుచున్నాము. మిగిలినది నునుపు, పోయినది నుసి. మిగిలినదానిని చూచి గృహస్థుడు మురియుచున్నాడు. పోయినది ఎక్కడకు పోయినది? ఎవరి పాలబడినది? చిన్నదిగా కనిపించు ఈ ప్రశ్నలో ధర్మసూక్ష్మ మొకటి యిమిడియున్నది. దానిని విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా పని యెట్టిదో చూతము. చలువరాయి మొదట సున్నపురాయియే. భూగర్భమున వేడిమిచేతను ఒత్తిడిచేతను రూపు మారి చలువరాయి యైనది. చూపునకు దృఢముగా నున్నను అది స్వభావమున మెత్తనిది. ఖనిజముల కాఠిన్యమును పోల్చుటకు మోసు అను జర్మను శాస్త్రజ్ఞుడు 1812లో ఏర్పఱచిన పది మెట్లలో దీనికి దక్కినది మూడవ మెట్టు, వజ్రమునకు పదవది. నిమ్మరసమో చింతపండు చారో ఒక చుక్క దానిపై బడి కొంతసేపు నిలిచెనా, పులుపు రాతిని కరగించి అచ్చట వెలవెలబోయిన మచ్చను మిగుల్చును. ఇంటివారు దానిని మఱక యనుకొని సబ్బుతో తోముదురు. అది మఱక కాదు, గాయము. చుట్టునున్న రాతిని ఆ గాయపు లోతువఱకు అరగదీసిననే గాని అది మాయదు. మన తాండూరు, బేతంచెర్ల, కడప బండలును సున్నపురాతి జాతివే గనుక వానికిని ఇదే గతి.

అప్పుడు బండల పాలిషు పట్టువాడు యంత్రముతో వచ్చును. నేలపై నీరు చల్లి, వజ్రపు రవ్వ పొదిగిన బిళ్లలను యంత్రమునకు తొడిగి, గరుకుదానితో మొదలిడి క్రమముగా సన్నదానికి వచ్చును. ఏబది, నూఱు, రెండువందలు, నాలుగువందలు అని వానికి సంఖ్యలు గలవు. సంఖ్య పెరిగినకొలది రవ్వ సన్నమగును. 1891లో అమెరికాలో అచిసను కార్బొరండమును కనుగొనిన తరువాత చాలకాలము ఆ రాళ్లే ఈ పని చేసినవి. నేడు వజ్రపు బిళ్లలు విరివిగా వచ్చినవి. నాలుగువందల సంఖ్య దాటువేళకు రాయి చేతికి మెత్తగా నుండును, కాని వెలుగును అద్దమువలె త్రిప్పికొట్టదు. అచ్చట ఆగవచ్చును. ఆగక ఎనిమిదివందలు, పదునైదువందలు, మూడువేలు అని పోయినచో నేలలో ముఖము కనబడును. ఇందు గమనింపదగిన విశేష మేమనగా, ప్రతి బిళ్లయు ముందటి బిళ్ల గీసిన గీతలను చెఱిపి, తన సన్నని గీతలను తాను గీయుచున్నది. నునుపనగా గీతలు లేకుండుట కాదు. మన కంటికి అందనంతగా గీతలు సన్నగిల్లుట.

మన పూర్వులు ఇట్టి పనికి సంస్కారమని పేరు పెట్టిరి. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రములలోని నాల్గవ సూత్రమునకు భాష్యము వ్రాయుచు, సంస్కారము రెండు విధములని చెప్పిరి: లేని గుణమును చేర్చుట యొకటి, ఉన్న దోషమును తొలగించుట యొకటి. మోక్షము ఈ రెండింటివలనను కలుగునది కాదని నిరూపించు ఆ ఘట్టముననే, రుద్దుటచేత అద్దమునకు కాంతి వచ్చునట్లు ఆత్మకును రావచ్చును గదా యను పూర్వపక్షమును తామే చూపి ఖండించిరి. రుద్దుటచేత పోయిన మాలిన్యము ఏమైనదని అచ్చట ఎవరును అడుగలేదు. అడుగవలసిన అవసరమును లేదు. అచ్చట ప్రస్తుతమైనది అవిద్య. అవిద్య నశించునపుడు దాని నుసి ప్రక్కవాని ముక్కులోనికి పోదు. రాతి నుసి అట్టిది కాదు. అది ద్రవ్యము. ఒకచోటినుండి తొలగినచో మఱియొకచోట చేరక తప్పదు. వేదాంతవిచారమున న్యాయమైన మౌనమును లోకవ్యవహారమునకు తెచ్చుకొని, దోషము తొలగినది గదా యని తృప్తిపడుట మనము చేయుచున్న పొరపాటు.

ఇంగ్లీషు భాషలో మర్యాద గలవానిని పొలైటు అందురు. మెఱుగు పెట్టుటను పాలిషు అందురు. రెండును లాటినులోని ఒకే ధాతువునుండి పుట్టిన మాటలు. అరగదీయబడినవాడే మర్యాదస్థు డని ఆ భాష చెప్పుచున్నట్లున్నది. తన గరుకుదనమును తానే అరగదీసికొనువాడు పూజ్యుడు. కాని తన మర్యాదకు కావలసిన రాపిడి నంతయు ఇతరులచేత పడించి, తాను మెఱుగును మాత్రము ధరించువాడు మర్యాదస్థు డగునా?

ఇక నుసి పోవు దారిని వెదకుదము. ఇటలీలో రమజ్జీని అను వైద్యుడు వృత్తులవలన కలుగు వ్యాధులను గూర్చి 1700లో ఒక గ్రంథమును ప్రకటించెను. రాళ్లు చెక్కువారు పీల్చు ధూళి వారి ఊపిరితిత్తులను చెఱచుచున్నదని అందు వ్రాసెను. నేటి శాస్త్రము దానికి కారణమును స్పష్టముగా చెప్పుచున్నది. కొన్ని రాళ్లలో సిలికా స్ఫటికరూపమున నుండును. కంటికి కానరానంత సన్నని దాని రేణువులు ఊపిరితిత్తుల లోతునకు చేరి, అచ్చట మానని మచ్చలు కట్టించి, శ్వాసకు తావు లేకుండ చేయును. సిలికోసి సను ఈ వ్యాధి క్షయకును దారి తీయును. ఒకసారి ఏర్పడిన మచ్చను పోగొట్టు మందు నేటికిని లేదు.

ఇచ్చట సత్యమును తూచి చెప్పవలెను. స్వచ్ఛమైన చలువరాతిలో సిలికా మిక్కిలి స్వల్పము. చలువరాయి మాత్రమే నూరువానికి ఈ భయము తక్కువ. కాని చలువరాయి మాత్రమే నూరి బ్రదుకువాడు ఎందున్నాడు? ఈ దినమున ఒక యింట చలువరాతి నేలను నూరినవాడే రేపు మఱియొక యింట గ్రానైటు మెట్ల అంచులను కోయును. గ్రానైటులో సాధారణముగా అయిదవ వంతు, అంతకు మించియు క్వార్ట్జు ఉండును, క్వార్ట్జనగా సిలికాయే. వంటయింటి గట్లకై కర్మాగారములలో జిగురుతో అచ్చుపోయు కృత్రిమశిలలలో నూటికి తొంబది పాళ్లకు మించి సిలికా గలవి యెన్నియో కలవు. వానిని కోసిన యువకులు ఊపిరితిత్తులు చెడి మంచమెక్కుట చూచి, ఆస్ట్రేలియా ప్రభుత్వము 2024 జూలై 1వ తేదీనుండి అట్టి శిలల వాడుకను నిషేధించినది. ఊపిరితిత్తులకు రాతి పేరుతో పని లేదు. ఒక్కొక్క యింటినుండి వచ్చిన నుసి అంతయు ఒకే రొమ్ములో చేరుచున్నది. 'మా యింటి రాయి మంచిది' అనుట ఇంటివానికి చెల్లును గాని పనివానికి చెల్లదు.

'అతడు కూలి పుచ్చుకొనుచున్నాడు గదా! ఇష్టము లేనిచో మానవచ్చును గదా!' అని కొందఱు పలుకుదురు. ఈ వాదము పైకి నునుపుగనే యున్నది. కాని ఇష్టమనునది తెలిసి యిచ్చునపుడే ఇష్టము. ఈ వ్యాధి తఱచుగా పది యేండ్లకు, ఇరువది యేండ్లకు గాని బయటపడదు. కూలి సాయంత్రమునకే చేతబడును. దాని వెల ఎన్నడో తెలియును. వెల తెలియనివానితో చేసికొనిన బేరమును ధర్మశాస్త్రమే గాదు, సంతలోని పెద్దమనుష్యుడు కూడ బేరమనడు. చట్ట మున్నది గదా యందురేమో. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము సిలికోసిసును అధికారులకు తెలుపవలసిన వ్యాధులలో చేర్చిన మాట నిజమే. కాని మన యిల్లు ఫ్యాక్టరీ కాదు. ఇద్దఱు కూలీలు ఒక యంత్రముతో వచ్చి నాలుగు దినములు పనిచేసి పోవుచోటికి తనిఖీ అధికారి రాడు. చట్టపు చూపు అందనిచోట గృహస్థుని చూపే చట్టము కావలెను. అతడును చూడనిచో మఱి చూచువాడు లేడు.

అట్లు చూడకుండుటకు మనకు చిరకాలపు అలవాటొకటి తోడ్పడుచున్నది. మనము శుద్ధిని మన గడపవఱకే కొలుచుదుము. గడపలోపలి మాలిన్యము గడపదాటినచో శుద్ధి సిద్ధించినదని మన లెక్క. అంతేకాదు, ఆ మాలిన్యమును చేతులతో ఎత్తి బయట వేసినవానినే మలినుడని పేరుపెట్టి వాడవెలుపల నుంచితిమి. బట్టలు తెల్లజేసినవాడు, వీథి యూడ్చినవాడు, తోలు శుభ్రపఱచినవాడు, అందఱును మనకు శుద్ధి నిచ్చి మన యశుద్ధిని తమ పేరున వ్రాయించుకొనినవారే. పాలిషు పట్టినవాని సంగతియు ఇంచుమించు అదియే. పని ముగియువఱకు ఇల్లంతయు అతనిదే; పని ముగిసిన మఱుదినము అతడు పాతబాకీకై వచ్చినచో 'నేల మాయును, అచ్చటనే నిలువు' అందుము. ఆ నేలకు ఆ మెఱుగు ఎవనివలన వచ్చినదో ఆ పాదమునకే ఆ నేలపై హక్కు లేదు!

కూలివానినే గాదు, నుసిని కూడ మనము కన్నులెదుట నుంచుకొనియే చూడనేర్చితిమి. రాజస్థానములోని కిషన్‌గఢ్ పాలరాతి వ్యాపారమునకు ప్రసిద్ధి చెందిన పట్టణము. అచ్చటి యంత్రశాలలలో రాళ్లను కోయగా, నూరగా వచ్చిన తెల్లని బురదను ఊరిబయట ఒకచోట పోసిరి. అది యెండి తెల్లని దిబ్బలై, దూరమునుండి మంచుకొండలవలె కనబడుచున్నది. నేడు జనులు తండోపతండములుగా పోయి అచ్చట ఫొటోలు తీయించుకొనుచున్నారు. చెత్తకుప్పయే చూడముచ్చటైన క్షేత్రమైనది. అందమున్నచోట ప్రశ్న పుట్టదను మాటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

మెఱుగుపై మోహము మితిమీరినచో రాతికిని కీడే. గ్రీసు దేశమున క్రీస్తుకు పూర్వము అయిదవ శతాబ్దిలో కట్టిన పార్థెనాను ఆలయపు శిల్పములు కొన్ని లండనులోని బ్రిటిషు మ్యూజియములో కలవు. ఆ జాతి చలువరాయి కాలము గడచినకొలది తేనెవన్నెకు తిరుగును. కాని చలువరాయి తెల్లగా నుండవలెనని కొందఱి పట్టుదల. 1937-38 సంవత్సరములలో వానికై కొత్తశాలను సిద్ధపఱచుచు, ఆ శాలకు ధనమిచ్చిన ధనికుని ప్రోద్బలమున, పనివాండ్రు రాగి పనిముట్లతోను కార్బొరండముతోను కొన్నింటిని గీకి తెల్లబఱచిరి. రెండువేల మూడువందల యేండ్లకు పైగా కాలము దిద్దిన పైపొర కొన్ని నెలలలో నుసియై పోయినది. పోయినదానిని చేర్చు సంస్కారము లేదు. కాబట్టి నూరువానికి కావలసిన మొదటి విద్య నూరుట కాదు, ఎచ్చట ఆగవలెనో తెలియుట. నూరించువానికిని అదియే.

అయిన నేలలను గరుకుగనే యుంచవలెనని నేను చెప్పుటలేదు. నునుపు దోషము కాదు. మఱక పట్టని, సులభముగా కడుగదగిన నేల ఆరోగ్యమునకు మేలు. ఆ పనివలన ఎన్నో కుటుంబములు బ్రదుకుచున్నవి. పనిని మాన్పుట సంస్కరణము కాదు, పనిలోని కీడును మాన్పుట సంస్కరణము. అందులకు గృహస్థుడు చేయదగినవి కష్టమైనవి కావు. పులుపు ఒలికినపుడు వెంటనే తుడిచినచో చాలకాలము నూరవలసిన పనియే రాదు. నూరించునపుడు అద్దపు మెఱుగే కావలెనా, మెత్తదనము చాలదా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. నీటితో తడుపుచు నూరించవలెను గాని, త్వరగా తెములునని పొడిగా నూరనీయరాదు; ముఖ్యముగా మూలలను అంచులను చేతియంత్రముతో పొడిగా నూరునపుడే ధూళి మెండు. ముక్కునకు చుట్టిన తువ్వాలు సన్నని రేణువుల నాపదు. ముఖమునకు గట్టిగా అంటుకొను మంచి మాస్కు కావలెను. నీరును విద్యుత్తును ఒకచోట కలియు పని గనుక తీగలు సరిగా నున్నవో లేదో చూడవలెను. బురదను వీథికాలువలోనికి వదలక, తేర్చి, ఎండిన పిదప ఎత్తివేయించవలెను. వీని వలన పని రెండు దినములు ఆలస్యము కావచ్చును, వ్యయము కొంచెము పెరుగవచ్చును. పెరిగినదని యనుకొనరాదు. అదియే అసలు వెల. ఇంతకాలము దానిని మన బదులు మఱియొకడు తన ఊపిరితో చెల్లించుచుండెను.

ఓరుగల్లు సమీపమున రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆలయమున నల్లరాతి స్తంభములు నేటికిని నునుపు చెడక మెఱయుచున్నవి. కట్టించిన ప్రభువు పేరు శాసనమున నున్నది. జనులు మాత్రము దానిని రామప్పగుడి యందురు; రామప్ప యనునది శిల్పి పేరని ప్రతీతి. చరిత్రకారులు దాని నెట్లు నిర్ణయించినను, ఆ ప్రతీతిని ఎనిమిదివందల యేండ్లు నిలిపిన ప్రజల మనస్సు నిర్ణయించినది వేఱొకటి: రాతి మెఱుగులో సొమ్మిచ్చినవానికంటె చెమటయిచ్చినవానికే పాలు హెచ్చని. పాలు ఉన్నవానికి ఆయువులోను పాలుండవలెను. ఇంటికి వచ్చిన అతిథి నేలను మెచ్చుకొనినపుడు, ఎంత సొమ్మైనదో చెప్పుటకు ముందు ఎవరు పట్టిరో పేరు చెప్పగలిగి, ఆ పేరుగలవాడు నేడు సుఖముగా ఊపిరి తీయుచున్నాడని నిస్సంకోచముగా చెప్పగలిగిననాడు, ఆ నేల శుభ్రమైనదని ఒప్పుకొందము.