తిరిగి కట్టిన గోడలు

"ఇది అసలుది కాదటగా!" అంది అక్కయ్య, నాగార్జునకొండ మీద లాంచీ దిగి పది నిమిషాలు నడిచామో లేదో. బోర్డు చదివిందన్నమాట.

మాది నందిగామ. అక్కయ్యది జగ్గయ్యపేట. బస్సెక్కితే ఎంతో దూరం కాదు. అయినా అమ్మ పోయాక చంద్రహారం దగ్గర మాట పట్టింపొచ్చి, ఆరేళ్లు ఒకరి గడప ఒకరం తొక్కలేదు. కిందటేడు తమ్ముడి కూతురి పెళ్లిలో పెద్దవాళ్లెవరో పూనుకుని కలిపారు. అప్పట్నుంచి రాకపోకలున్నాయి. కాని "కాఫీ తాగుతావా?", "ఎందుకులే శ్రమ" - ఇంతవరకే. ఒకప్పుడు ఆవిడ వంటింట్లోకి పోయి జంతికల డబ్బా నేనే దించుకునేదాన్ని. ఈ కలవడం నిజమేనా, నాటకమా అని నాకు లోలోపల అనుమానం.

అసలు, నకలు అంటే ఏమిటి? ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయ సాగర్ నీళ్లలో మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, తొమ్మిది కట్టడాలను ఈ కొండమీద తిరిగి నిలబెట్టారు. ఇక్కడ చోటు మారింది. మరి మన జగ్గయ్యపేట స్తూపం? ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏటి శాసనాలు దొరికిన చోటది. 1882లో బర్జెస్ తవ్వించాడు. దిబ్బ ఉన్నచోటే ఉంది. మాంధాత శిల్పం మాత్రం చెన్నై మ్యూజియంలో ఉంది. ఇక్కడ చోటు మిగిలింది, శిల్పం తరలిపోయింది.

మా అబ్బాయి జపాన్‌లో ఒసాకా కోట చూసొచ్చి, "సమురాయిల కోటలో లిఫ్టుందమ్మా!" అని ఒకటే నవ్వు. 1583లో హిదెయోషి మొదలుపెట్టిన కోట అది. 1615లో యుద్ధంలో పోతే మళ్లీ కట్టారు. 1665లో పెద్ద బురుజు పిడుగుపడి కాలిపోయింది. 1931లో ఊరివాళ్లు చందాలు వేసుకుని కాంక్రీటుతో మూడోసారి లేపారు.

ఇందులో అబద్ధమెక్కడుందా అని వెతికాను. కనిపించలేదు. ఒసాకావాళ్లు లిఫ్టును దాచలేదు. కొండమీద బోర్డు తన సంగతి తానే చెప్పుకుంటోంది. కూలినదాన్ని తిరిగి కట్టుకోవడంలో తప్పేముంది? అసలు కూలనేలేదన్నట్టు నటిస్తేనే మోసం.

అక్కడ నా మనసు కలుక్కుమంది. అక్కయ్యా నేనూ చేస్తున్నదదేగా! ఆ ఆరేళ్ల ఊసు ఇద్దరం ఎత్తం. మా మధ్య బోర్డు లేదు.

పాత పుండు రేపడం దేనికని మీరనవచ్చు. ఇన్నాళ్లూ నేనూ అలాగే అనుకున్నాను. కాని గోడ ఎక్కడ బీటలిచ్చిందో చూసుకోకుండా దానిమీద దూలం ఎలా ఎత్తుతాం? అందుకే మేం కాఫీ దాటి ముందుకు పోలేకపోయాం.

తిరుగు లాంచీలో అనేశాను: "అక్కయ్యా, ఆనాడు హారం నువ్వే దాచావన్నాను. తప్పు నాదే."

ఆవిడ చాలాసేపు నీళ్లకేసి చూసింది. "ఆ మాట అనకుండా ఉండాల్సిందే" అంది. ఫరవాలేదులే అనలేదు. నాకు నచ్చింది అదే.

కాసేపటికి సంచీలోంచి జంతికల డబ్బా తీసి నా ఒళ్లో పెట్టింది. మూత నేనే తీశాను.