యజమాని ధర్మము

ఒక వస్తువునకు మూల్యము చెల్లించి ఇంటికి తెచ్చుకొన్నంత మాత్రమున అది మనదగునా? చట్టము అగుననియే చెప్పును. రశీదు మన పేర నున్నది, రిజిస్ట్రేషను పత్రము మన పేర నున్నది. కావున వాహనము మనదే. కాని ధర్మవిచారము రశీదుతో ముగియదు. ఆవును కొని మేత వేయనివానిని, తోట కొని నీరు పోయనివానిని లోకము మనసార యజమాని యని అంగీకరింపదు. ఆవునకును చెట్టునకును ప్రాణము కలదు గనుక ఆ మాట చెల్లును. ప్రాణము లేని మోటారు సైకిలుపట్ల మనకు ధర్మమేమున్నదని కొందరు అడుగవచ్చును. ఆ ప్రశ్ననే ఇచ్చట కొంచెము విచారింపదలచినాను.

కన్నడదేశమునను తమిళదేశమునను స్థిరపడిన మన కుటుంబములవారు మహానవమినాడు వాహనములకు ఆయుధపూజ చేయుట ఏటేట చూచుచున్న విషయమే. బండిని కడిగి, పసుపు కుంకుమలుంచి, పూలమాల వేసి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి, బూడిద గుమ్మడికాయ పగులగొట్టుదురు. ఒడిశాలోని మనవారు సెప్టెంబరు నెలలో విశ్వకర్మ పూజ చూతురు. ఆచారము మంచిదే, బ్రతుకునకు సాధనమైన వస్తువునకు నమస్కరించుటలో కృతజ్ఞత యున్నది. కాని ఆ మరునాటినుండి ఏడాది తిరుగువరకు చైనుకు చుక్క నూనె వేయక, టైరులో గాలి యెంత యున్నదో చూడక, బ్రేకు అరిగినదో లేదో విచారింపక తిరుగువాని పూజ యెట్టిది? అప్పు తీర్చక దండము పెట్టుట వంటిది.

నిత్యసేవ యేమి చేయగలదో తెలిసికొనుటకు మైసూరులో నొక నిదర్శనము కలదు. ఐడియల్ జావా కర్మాగారము 1961లో అచ్చట మోటారు సైకిళ్లు తయారుచేయ నారంభించి, తరువాత యెజ్డీ యను పేరుతో కొనసాగి, 1996లో మూతపడినది. కర్మాగారము పోయినను బండ్లు పోలేదు. కిక్కు కొట్టుటకును గేరు మార్చుటకును ఒకే మీట గల ఆ రెండు స్ట్రోకుల బండ్లను నేటికిని మైసూరు, బెంగుళూరు వీధులలో నడుపువారున్నారు. దొరకని విడిభాగమును పాత బండినుండి తీసి అమర్చుకొనుచు, పెట్రోలులో నూనెను పాలు తప్పక కలుపుకొనుచు, యజమానులును వీధిచివరి మేస్త్రీలును కలిసి వానిని నిలిపిరి. ప్రాణము లేని వస్తువునకు ఆయుస్సు ఎచ్చటనుండి వచ్చునో దీనివలన తెలియుచున్నది.

ఇంట మరమ్మతు శాల యనగానే పెద్ద హంగు తలచుకొని భయపడ నక్కరలేదు. బండికి ఇరువైపుల మనిషి కూర్చుండి పని చేయుటకు చోటున్న షెడ్డు గాని వసారా గాని చాలును. నేల సమముగా, గట్టిగా నుండి, నూనె పడిన తుడుచుటకు వీలు కావలెను. గాలియు వెలుతురును ముఖ్యము. మూసిన గదిలో ఇంజను నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణము తీయు శక్తి మాత్రము కలదు. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది గనుక నేలమీద ప్రాకి దూరముననున్న దీపమును గూడ అందుకొనగలదు. వంటింటి ప్రక్కను, దేవుని దీపము చెంతను ఈ పని కూడదు. బకెట్టు నిండ పొడి ఇసుకయు, మంటలార్పు సాధనమొకటియు చేతికందునట్లుండవలెను.

8 మొదలు 19 మిల్లీమీటర్ల వరకు గల రింగు పానాలు, బాక్సు పానాలు, మర తలకు సరిగా కూర్చుండు స్క్రూడ్రైవరులు, ప్లగ్గు విప్పు పానా, గాలి కొలుచు మీటరు, బిగింపు పాళ్లు చూపు టార్క్ రెంచి – వీనితో నారంభింపవచ్చును. కొద్దివైనను మేలైనవి కొనుట మంచిది. వదులు పానా నట్టు మూలలను అరగదీయును. చైను సడలింపు ఎంత, ఏ రకపు నూనె, ఎంత గాలి యను ప్రశ్నలకు బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణము. గాలిని టైరు చల్లగానున్నపుడే కొలువవలెను.

జీవితమంతయు కచేరీలో రిజిస్టర్లు వ్రాసిన నాకు వీనియన్నిటితో సమానమైన పనిముట్టు నోటుపుస్తకమని తోచును. తేదీ, బండి తిరిగిన కిలోమీటర్లు, చేసిన పని, మార్చిన భాగము, అయిన ఖర్చు – ఈ ఐదు గడులు చాలును. మొన్ననే నూనె మార్చితిమని జ్ఞాపకము చెప్పును. మార్చి ఎనిమిది నెలలైనదని పుస్తకము చెప్పును.

ఇది మన పని కాదని కలము పట్టి బ్రతికిన ఇండ్లలో అనుట కలదు. చేతికంటిన నూనె సబ్బుతో పోవును. చేతిపనివానిని తక్కువగా చూచు అలవాటు అంత సులభముగా పోదు. అది పోవుటకు ఈ షెడ్డు మంచి పాఠశాల. మనమే చేసికొన్నచో మేస్త్రీ కూటికి లోటు రాదా యనునది మరియొక ఆక్షేపణ. తుప్పుపట్టిన బోల్టుతో ఒక గంట పెనుగులాడినవాడు మేస్త్రీ కూలి దగ్గర బేరమాడడు. వాని నేర్పు విలువ నెరిగి అడిగినది ఇచ్చును.

ఏలయన, మన నేర్పునకు మించిన పనులు తప్పక యుండును. 2020 ఏప్రిలునుండి అమలైన భారత్ స్టేజి 6 నిబంధనలకు తగిన బండ్లలో మిక్కిలిగా ఇంధనమును కొలిచి పంపునది ఎలక్ట్రానిక్ యంత్రమే. దానిని ఊహతో కదలింపరాదు. బ్రేకు విషయమున సందేహమున్నచో తెలిసినవాని చేత చూపింపక బండి బయటికి తీయరాదు. బండి నాది, వీధి నాది కాదు. నా ప్రయోగమునకు ఎదుట వచ్చు పాదచారి ప్రాణము పెట్టుబడి కారాదు. అట్లే నల్లబడిన ఇంజను నూనెను కాలువలో పోయక, డబ్బాలో పట్టి, వాడిన నూనె సేకరించువారికి ఇయ్యవలెను. స్వామ్యమునకు హద్దు పొరుగువాని క్షేమము.

ఈ పనిలో ఆడపిల్లలను మగపిల్లలను సమానముగా దగ్గర నుంచుకొనుడు. బడిలో కన్నడమో, తమిళమో, ఇంగ్లీషో చదువు పిల్ల లాంతరు పట్టుకొని తాతగారి ప్రక్కన కూర్చున్నపుడు, బిగించుట, సడలించుట, అరుగుట, ఒరయుట, తుప్పు, మర, మీట యను మాటలు పనితో కూడ చెవిని బడును. సభలో చెప్పిన మాటకన్న చేతితో నేర్చిన మాట నిలుచును. పరదేశమున మాతృభాషను నిలుపుకొనుటయు ఇట్టి సంరక్షణమే. ఉగాదినాటి ఉత్సవము దానికి పూజ, నిత్యము ఇంట పలుకుట దానికి సేవ.

కావున మొదటి ప్రశ్నకు నా సమాధానమిది. రశీదువలన వస్తువు మన ఇంటికి వచ్చును. దానిని తెలిసికొని, కాపాడి, ఇతరులకు హాని లేకుండ నడిపినపుడే అది మనదగును. వచ్చు ఆయుధపూజనాటికి పసుపు కుంకుమలతోపాటు ఒక రింగు పానాయు, ఒక నోటుపుస్తకమును తెచ్చి బండి చెంత నుంచుడు.