బరువు ఎవరి మీద

దసరా సెలవులకు మనాలీ వెళ్దామని అక్క కూతురు అడిగినప్పటి నుంచి మా ఇంట్లో సాయంత్రాలు ఆ కబుర్లతోనే గడుస్తున్నాయి. దాని జాబితాలో డోభీలో పారాగ్లైడింగ్ ఉంది, బియాస్ నదిలో రాఫ్టింగ్ ఉంది, హంప్తా కనుమ మీదుగా ట్రెక్ ఉంది. టికెట్లు, బస, ఖర్చుల లెక్క నా వంతు. ఆ లెక్క రాస్తూ ఒకచోట ఆగిపోయాను. వీటిలో ఏ ఒక్కటీ మేమిద్దరం సొంతంగా చేయగలిగింది కాదు. ప్రతిదాని వెనకా ఎవరో ఒకరున్నారు: గాలిలో మమ్మల్ని మోసే పైలట్, పడవలో తెడ్డు పట్టే గైడ్, గుడారాలు వీపున వేసుకుని కనుమ ఎక్కే కూలీ. సాహసయాత్రకు ధైర్యం ఉంటే చాలని ఇన్నాళ్లూ అనుకున్నాను. అంతకంటే ముందు ఇంకొకరి మీద నమ్మకం ఉండాలి. ఆ నమ్మకాన్ని ఎవరి మీద, ఏం తెలుసుకుని పెడుతున్నాం అన్నది తేల్చుకోవడమే ప్రయాణపు ఏర్పాట్లలో అసలు పని అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఊళ్లో ఉన్నా మనం పరుల చేతుల మీదే బతుకుతాం. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో దుప్పటి కప్పుకుని పడుకుంటే, రాత్రంతా బండి నడిపినవాళ్ల ముఖం ఢిల్లీలో దిగేటప్పుడు కూడా చూడం. చూడాలన్న ఆలోచనే రాదు. కొండల్లో అలా కుదరదు. ఇద్దరు కలిసి ఎగిరే పారాగ్లైడింగ్‌లో పైలట్ మన వీపు వెనకే ఉంటాడు. పరుగెత్తమంటే పరుగెత్తాలి, ఆగొద్దంటే ఆగకూడదు. కాళ్ల కింద నేల అయిపోయాక మన తెలివితేటలన్నీ అతని చేతిలోని రెండు తాళ్లకు అప్పగించినట్టే. పేరు కూడా సరిగా తెలియని మనిషికి ప్రాణం ఇంత దగ్గరగా అప్పగించడం నాకు గొప్ప విషయంగానే తోస్తుంది. మనుషులు ఒకరినొకరు ఎంతగా ఆనుకుని ఉన్నారో కళ్లారా చూసే అవకాశం అది.

అయితే ఏమీ అడగకుండా అప్పగించడం నమ్మకం కాదు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనడం అది. ఈ తేడా తలచుకున్నప్పుడల్లా నాకు 2014 వేసవి గుర్తొస్తుంది.

ఆ ఏప్రిల్ 18న ఎవరెస్టుకు నేపాల్ వైపున, ఖుంబూ ఐస్‌ఫాల్ మీద మంచు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. శిఖరం ఎక్కడానికి వచ్చినవాళ్ల సామాను పై శిబిరాలకు చేరవేయడం, దారి సిద్ధం చేయడం వాళ్ల పని. మే 25న నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ టిబెట్ వైపు నుంచి ఎక్కి అదే శిఖరం మీద నిలబడింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. భువనగిరి గుట్ట మీద మొదలైన ఆమె శిక్షణ డార్జిలింగ్, లడఖ్ దాకా సాగింది. తెలుగు ఇళ్లలో ఆ సంతోషం ఇంకా చల్లారకముందే, జూన్ 8న, మనాలీ వెళ్లే దారిలో మండీ జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నది హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులను 24 మందిని, వాళ్ల వెంట వచ్చిన పర్యటన నిర్వాహకుణ్ణి తీసుకుపోయింది.

ఎవరెస్టు ఎక్కిన పిల్ల క్షేమంగా తిరిగొచ్చింది. ఏటి ఒడ్డున దిగిన పిల్లలు రాలేదు. ఈ రెండు వార్తల మధ్య రెండు వారాలే. ఆ విద్యార్థులు చేసింది సాహసమేమీ కాదు. నీళ్లు తక్కువగా ఉన్న ఏట్లో రాళ్ల మీదకు వెళ్లి ఫోటోలు దిగారు. ఎగువన లార్జి జలవిద్యుత్ కేంద్రం ఆనకట్ట గేట్లు తెరిచారు. ఆ గేట్ల సంగతి ఒడ్డున ఉన్న పిల్లలకు తెలియదు. దిగువన పిల్లలున్న సంగతి గేట్లు ఎత్తినవాళ్లు చూసుకోలేదు. హిమాచల్ హైకోర్టు తనంతట తానే ఆ కేసు చేపట్టింది. కోర్టులు తేల్చేది బాధ్యత ఎవరిదన్న విషయం. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఇంకొకటి: వాళ్ల ప్రాణం ఎవరి చేతిలో ఉందో వాళ్లకు తెలియనే తెలియదు. పూర్ణకు తన తాడు ఏ మేకుకు కట్టి ఉందో తెలుసు. తెలుసుకునేలా పెద్దలు ఆమెకు నేర్పారు.

అందుకే రాఫ్టింగ్ పేరెత్తగానే నేను ధర సంగతి అడగలేదు. "ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో కనుక్కో" అన్నాను. "నది నుంచే కదా పిన్నీ!" అంది. ఇద్దరం పటం ముందేసుకుని కూర్చున్నాం. కులూ దగ్గర పిర్డీలో పడవ ఎక్కితే కిందికి ఝిరీ దాకా తీసుకెళ్తారు. మధ్యలో భుంతర్ దగ్గర పార్వతీ నది వచ్చి కలుస్తుంది. పార్వతీ లోయలోనూ జలవిద్యుత్ కట్టడాలున్నాయి. వానాకాలంలో జూలై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా అక్కడ రాఫ్టింగ్, పారాగ్లైడింగ్ రెండూ నిషేధం. దసరా నాటికి ఆ గడువు దాటుతుంది కనుక వెళ్లొచ్చు. కానీ ఎగువ గేట్ల సమాచారం పడవవాళ్లకు ఎలా అందుతుందో చెప్పగలిగినవాళ్లతోనే వెళ్లాలని తేల్చుకున్నాం. చెప్పలేకపోతే ఒడ్డు మీద నుంచే నదిని చూస్తాం, అదీ రాళ్ల మీదకు దిగకుండా.

హంప్తా దగ్గర చర్చ ఇంకా పెద్దదైంది. మనాలీ సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంటుంది, హంప్తా కనుమ 4,270 మీటర్లు. అంత ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే 60 శాతం దగ్గర ఉంటుంది. ఊపిరి నిండా పీల్చినా ఒంటికి అందే ప్రాణవాయువు ఆ మేరకే. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని, మధ్యలో విశ్రాంతి రోజులు ఉంచుకోవాలని వైద్యులు చెబుతారు. మన ఒంటికి మన సెలవుల లెక్కతో పని లేదు. మనమేమో వారం రోజుల్లో వెళ్లి, ఎక్కి, దిగి, సోమవారానికి ఆఫీసులో ఉండాలి. గద్దీ గొర్రెల కాపరులు తరతరాలుగా ఈ కనుమల మీదుగా పచ్చటి కులూ నుంచి ఎండు కొండల లాహౌల్‌కు మందలు తోలుకెళ్లారు. వాళ్ల నడకకు గడ్డి ఎదిగే కాలమే కొలత. మనం వాళ్ల దారిని అద్దెకు తీసుకోగలం గానీ వాళ్ల తీరికను తెచ్చుకోలేం. హంప్తాను ఈసారికి వద్దనుకున్నాం. దానికి వేరే సెలవు, వేరే తయారీ కావాలి.

ఆ ఖాళీలోకి కులూ దసరా వచ్చింది. మనకు దసరా ముగిసే విజయదశమి నాడే అక్కడ మొదలై వారం సాగుతుంది. లోయలోని ఊళ్ల దేవతలు పల్లకీల్లో ధాల్‌పూర్ మైదానానికి తరలివస్తారు. మనాలీ నుంచి హడింబా దేవి రానిదే పండుగ మొదలుపెట్టరు. మనకు భారతంలో ఘటోత్కచుడి తల్లిగా తెలిసిన హిడింబే ఆమె. దేవదారు చెట్ల మధ్య 1553లో కట్టిన ఆమె గుడి మనాలీలో ఉంది. కొండలు దిగి వచ్చే ఆ పల్లకీలను ఊరివాళ్లే భుజాల మీద మోస్తారు. మోసే హక్కును గౌరవంగా భావిస్తారు.

ఆ భుజాలను తలచుకున్నాక కూలీల సంగతి తేలిగ్గా దాటలేకపోయాను. హంప్తా వద్దనుకున్నాక మాకు మిగిలింది కొండ మీద ఒక్క రాత్రి గుడారం బస. సామాను మోయడానికి మనాలీ చుట్టుపక్కల కూలికి వచ్చేవాళ్లలో నేపాలీలు చాలామంది. మోసేవాళ్లకు ఎంత ఇస్తారు, ఎంత బరువు ఎత్తుతారు, చలికి బూట్లు, కోటు ఎవరిస్తారు, జబ్బు చేస్తే కిందికి ఎవరు దింపుతారు అని ఏర్పాటు చేసేవాళ్లను అడగాలని రాసుకున్నాం. తక్కువ ధర చెప్పేవాళ్లు ఎక్కడ తగ్గిస్తున్నారో కూడా అడగాలి. చాలాసార్లు అది ఆ కూలీ వీపు దగ్గరే తగ్గుతుంది.

నిన్న రాత్రి రెండు సంచులూ తూకం వేశాం. అక్క కూతురు తన సంచిలోంచి రెండో జత బూట్లు, నేను పుస్తకాలు తీసేశాం. బరువు తగ్గింది కదా అని కూలి తగ్గించమనకూడదని జాబితా చివర అది తన చేత్తో రాసింది.